పాత దోస్తులు, పాత సీసాలు: హన్మకొండలో వైన్ దావత్ చేసుకునే పద్ధతి

మన దగ్గర ప్రతి చౌరస్తాలో ‘వైన్స్’ అని బోర్డు వెలుగుతుంటుంది. లోపలికి పోయి నిజంగానే వైన్ అడిగితే, కౌంటర్‌లో పిల్లగాడు మన ముఖం ఒకసారి చూసి పై అరలోంచి దుమ్ము పట్టిన సీసాలు రెండు దించుతాడు. మిగతాదంతా విస్కీ, బీరు. ఇలాంటి ఊళ్లో పాతికేళ్లు మాగిన వైన్‌తో దావత్ అంటే నవ్వు రావడం సహజమే. నేనూ నవ్వాను. తర్వాత చేశాను. మొదటిసారి చెడగొట్టాను, రెండోసారి సగం చెడగొట్టాను, మొన్న జనవరిలో కుదిరింది.

మాది 2001లో వరంగల్ ఆర్‌ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ) నుంచి బయటపడ్డ బ్యాచ్. మేం పోయిన మరుసటి ఏడే కాలేజీ ఎన్‌ఐటీ అయింది, అందుకే ఇప్పటి పిల్లలు మమ్మల్ని కాకతీయుల కాలం వాళ్లని చూసినట్టు చూస్తారు. సంక్రాంతికి డల్లాస్ వాడు, లండన్ వాడు ఇంటికొస్తున్నారని తెలిసి, ఎనిమిది మందిమి హన్మకొండలో మా ఇంట్లోనే కలుద్దామనుకున్నాం. “ఈసారి విస్కీ వద్దు మామా, మనం పాసైన ఏటి సీసా తెస్తా” అన్నాడు డల్లాస్ వాడు. అక్కడ మొదలైంది. కింద రాసినదంతా ఆ ఒక్క రాత్రి నడిపించిన పద్ధతి, అంతకుముందు చేసిన తప్పుల ఖాతా. 21 ఏళ్లు నిండనివాళ్లు ఇక్కడే ఆగిపోవాలి. తెలంగాణలో చట్టం అది.

ఒక సంగతి ముందే చెప్పాలి. యూరప్ వాళ్లు చెప్పే వైన్ పాఠాలు మనకు సగమే పనికొస్తాయి. వాళ్లకు లేని శత్రువులు మనకు ఇద్దరున్నారు: ఎండ వేడి, మిరప వేడి. ఓరుగల్లులో పాత సీసాను చంపేది ఆ ఇద్దరే. సీసా కొన్న రోజు నుంచి ఆఖరి చుక్క దాకా మన పనంతా ఆ ఇద్దరినీ గుమ్మం బయట నిలబెట్టడమే.

ఏది మాగుతుంది, ఏది మాగదు

కల్లు సంగతి మనకు తెలిసిందే. పొద్దున దించింది పొద్దున్నే తాగాలి, పొద్దెక్కితే పులుపెక్కుతుంది. లోకంలో తయారయ్యే వైన్‌లో ఎక్కువ భాగం ఈ విషయంలో కల్లుకు తమ్ముడే. రెండు మూడేళ్లలో తాగేయమని చేసిందే. పాతదైతే చాలు మంచిదనుకుని పదేళ్లు దాస్తే వెనిగర్ తమ్ముడవుతుంది. బియ్యం పోలిక ఇక్కడ బాగా కుదురుతుంది. మంచి వడ్లయితేనే పాత బియ్యానికి విలువ. తాలు గింజలను ఎన్నేళ్లు గాదెలో పోసినా తాలే.

ఏళ్ల తరబడి నిలవాలంటే వైన్‌లో ఏదో ఒక బలం ఉండాలి. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్ అనే వగరు ఒక బలం. పులుపు ఒకటి. తీపి ఒకటి. ఎక్కువ ఆల్కహాల్ ఒకటి. ఫ్రాన్స్‌లో బోర్డో ఎర్ర వైన్లు వగరు మీద నిలుస్తాయి. అక్కడ 2000, 2005, 2010 మంచి పంట వచ్చిన ఏళ్లు. ఇటలీలో బరోలో వగరుకు పులుపు కూడా తోడై మొండిగా నిలుస్తుంది, పదేళ్లలోపు తెరిస్తే పచ్చి కరక్కాయ కొరికినట్టుంటుంది. బోర్డో ప్రాంతంలోనే సొటెర్న్ అనే తీపి తెల్ల వైన్ తీపి మీద దశాబ్దాలు బతుకుతుంది.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా ఇవేవీ కావు. స్పెయిన్‌లో రియోహా ప్రాంతపు గ్రాన్ రిసెర్వా అనే ఎర్ర వైన్ తీసుకోండి. దాన్ని అమ్మకానికి పెట్టేముందు కనీసం 5 ఏళ్లు తయారీదారే మాగబెట్టాలని అక్కడి నియమం, అందులో కనీసం 2 ఏళ్లు ఓక్ పీపాల్లో. అంటే మనం చేయాల్సిన కష్టం సగం వాళ్లే చేసి పంపిస్తారు. అదే వయసు బోర్డో పేరున్న సీసాతో పోలిస్తే ధర కూడా చాలా తక్కువ. పైగా 2001 రియోహాకు గొప్ప పంట ఏడు. మా బ్యాచ్‌కి గొప్ప ఏడో కాదో మార్కుల లిస్టు చూసినవాళ్లకే తెలుసు.

రెండో సలహా మదీరా. పోర్చుగల్ వాళ్ల దీవి అది. పూర్వం ఓడల్లో పీపాలకు పీపాలు ఉష్ణమండలం దాటి పోయేటప్పుడు ఆ వేడికి వైన్ చెడకపోగా ఇంకా బాగుపడిందని గమనించారు. అప్పటి నుంచి కావాలనే వేడిలో మాగబెడతారు. ఎండను తిని బలిసిన వైన్ అన్నమాట. ఓరుగల్లు కోసమే పుట్టినట్టుంటుంది. మూత తీశాక కూడా నెలల తరబడి ఉంటుంది. మదీరా దొరక్కపోతే 20 ఏళ్ల టానీ పోర్ట్ అనే పోర్చుగల్ తీపి వైన్ తీసుకోవచ్చు. అది పీపాలోనే మాగి వస్తుంది కాబట్టి మడ్డి బెడద లేదు, తెరవగానే తాగొచ్చు.

మన దేశపు వైన్లను చిన్నచూపు చూడకండి. నాసిక్, నంది కొండలు, హంపీ కొండల నుంచి గట్టి ఎర్ర వైన్లు వస్తున్నాయి. హంపీ దగ్గరి క్రస్మా తోట పెట్టింది తెలుగు దంపతులే. అయితే వీటిని పాతికేళ్లు దాచే పని పెట్టుకోవద్దు. నా లెక్కలో నాలుగైదేళ్లలో తాగేస్తేనే రుచి. దావత్‌లో వాటికి వేరే పాత్ర ఉంది, ముందు ముందు చెబుతాను.

ఎన్ని సీసాలు

విస్కీ దావత్ లెక్కలు ఇక్కడ పనికిరావు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు. ఎనిమిది మందికి పంచితే ఒక్కొక్కరికి 90 చిల్లర. రుచి చూడడానికి అది చాలు. మేం పెట్టుకున్నవి ఐదు: షాంపేన్ ఒకటి, 2001 రియోహా రెండు, హంపీ ఎర్ర వైన్ ఒకటి, మదీరా ఒకటి. ఐదు గంటల పాటు, తిండితో కలిపి, పక్కన నీళ్ల చెంబుతో. ఇంతకు మించితే ఆరో సీసాకి ఎవరికీ రుచి తెలియదు, పాతికేళ్ల సీసా కూడా కోటరు సీసాతో సమానమైపోతుంది.

పాతది ఒకే రకం రెండు తెచ్చుకోవడం దుబారా అనిపించొచ్చు. కాదు. ఎందుకో సీసా తెరిచే దగ్గర తెలుస్తుంది.

సీసా ఇల్లు చేరేదాకా

పాత సీసా కొనేటప్పుడు పంట ఏడు కంటే ముందు అడగాల్సింది: ఇన్నాళ్లూ ఎక్కడుంది? చల్లటి గోదాంలో పడుకోబెట్టి ఉంచిన షాపులోనే కొనాలి. షాపు ముందు అద్దాల్లో, లైట్ల కింద నిలబెట్టిన సీసా ఎంత పేరున్నదైనా వద్దు. మెడ దగ్గర వైన్ మట్టం చూడండి. మెడలోకి ఉంటే మంచిది, భుజం కిందికి జారిందంటే కార్కులోంచి గాలి లోపలికి పోయిందని అర్థం. కార్కు పైకి ఉబ్బినా, రేకు కింద జిగురుగా కారిన మరక ఉన్నా అక్కడే పెట్టేసి రండి.

విదేశం నుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల వరకు డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు. అంటే రెండు సీసాలు నిక్షేపంగా, మూడోదానికి డ్యూటీ కట్టాలి. మా డల్లాస్ వాడు రియోహాలు రెండూ, లండన్ వాడు షాంపేన్, మదీరా తెచ్చారు. బిల్లులు పారేయొద్దు. వేరే రాష్ట్రం నుంచి, ముఖ్యంగా గోవా నుంచి చవగ్గా వస్తుందని కారు డిక్కీలో వేసుకొచ్చే ఆలోచన మానుకోండి. ఎక్సైజ్ వాళ్ల భాషలో అది ఎన్‌డీపీఎల్, ఇక్కడ పన్ను కట్టని సరుకు. దొరికితే సీసాతో పాటు పండగ కూడా పోతుంది. హంపీ వైన్ కూడా మేం హైదరాబాద్‌లో పెద్ద షాపులో బిల్లు మీదే కొన్నాం. ఇంట్లో కాకుండా ఫంక్షన్ హాలులో చేస్తుంటే ఎక్సైజ్ వాళ్ల ఈవెంట్ పర్మిట్ సంగతి ముందే చూసుకోవాలి.

శంషాబాద్ నుంచి హన్మకొండ దాకా సీసాలు డిక్కీలో కాదు, ఏసీ తగిలే చోట, సీటు ముందు కింద తువ్వాలలో చుట్టి పెట్టాలి. దారిలో చాయ్‌కి ఆగితే ఒకరు కార్లోనే కూర్చోవాలి. జనవరిలో కూడా మూసిన కారు మధ్యాహ్నం పొయ్యిలాగే ఉంటుంది.

ఇంటికి చేరాక విశ్రాంతి. విమానంలో కుదుపులకు అడుగున పేరుకున్న మడ్డి అంతా కలిసిపోయి ఉంటుంది. కనీసం పది రోజులు కదపొద్దు. మావాళ్లు నెల మొదటి వారంలో దిగారు, దావత్ సంక్రాంతి వెళ్లిన శనివారం, 17న. ఈ ఏడు మేడారం జాతర నెలాఖరులో పడింది, ఆ వారం అయితే ఊళ్లో బండి కదలదు.

జనవరి పెట్టుకోవడానికి అసలు కారణం వేరే. వైన్ వాళ్లు ‘రూమ్ టెంపరేచర్’ అంటే యూరప్‌లో పాత ఇళ్ల చలి, 16 నుంచి 18 డిగ్రీలు. మేలో మన హాలు దానికి రెట్టింపు. సంక్రాంతి రాత్రుల్లో మాత్రం మన ఇల్లే సెల్లార్ అవుతుంది.

సజ్జ మీద పెట్టొద్దు

2013లో ఒక దోస్తు మంచి బోర్డో ఇచ్చిపోయాడు. “పదేళ్లు దాచు రా” అన్నాడు. దాచాను. ఎక్కడ? వంటింటి సజ్జ మీద, ఊరగాయ జాడీల పక్కన. ఊరగాయ మాగితే వైన్ మాగదా అని నా తర్కం. మూడు ఎండాకాలాలు, 43, 44 డిగ్రీలు, కింద పొయ్యి ఆవిరి. నాలుగో ఏడు దించితే కార్కు అర అంగుళం బయటికొచ్చి చూస్తోంది, లేబుల్ మీద చీమలు నడిచిన దారి. తెరిస్తే ఉడకబెట్టిన ఎండుద్రాక్ష నీళ్లు, దాని వెనక చల్లారిన చారు రుచి. దోస్తుకి ఇప్పటికీ చెప్పలేదు.

వైన్‌కి కావాల్సింది 12 నుంచి 14 డిగ్రీలు, చీకటి, కొంచెం తేమ, కదలిక లేకపోవడం. కార్కు ఎండి గాలి దూరకుండా సీసాను పడుకోబెట్టాలి. షాంపేన్, మదీరా నిలబెట్టినా ఫరవాలేదు. మదీరానైతే నిలబెట్టడమే మంచిది, దాని బలానికి కార్కు తినుకుపోతుంది. ఏళ్ల తరబడి దాచే ఆలోచన ఉంటే వైన్ కూలర్ అనే చిన్న ఫ్రిజ్ కొనక తప్పదు, దాన్ని ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించుకోండి. లేదంటే దాచే పని చల్లటి దేశాల్లో ఉన్న దోస్తులకు అప్పగించి, తాగే పని మనం పెట్టుకోవాలి. నేను రెండో దారి పట్టాను. నెలా రెండు నెలలకైతే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల డబ్బా చాలు, న్యూస్‌పేపర్‌లో చుట్టి. మరీ చల్లనే, కానీ 4 డిగ్రీల చలి కంటే 40 డిగ్రీల వేడి వెయ్యి రెట్లు పాపిష్టిది.

దావత్‌కి రెండు రోజుల ముందు పాత సీసాలను పడక నుంచి లేపి నిలబెట్టండి. మడ్డి అడుగుకి దిగాలి.

వంట: ఎరుపు ఉండాలి, మంట ఉండొద్దు

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. నేనూ పడ్డాను. రెండోసారి చేసినప్పుడు సీసా బాగుంది, కూర కూడా బ్రహ్మాండంగా ఉంది, కలిపితే రెండూ పోయాయి. గోంగూర మటన్ తిని వైన్ తాగితే వైన్ నీళ్లలా తేలిపోయింది, ఆ తర్వాత తలకాయ కూర తిని తాగితే నిప్పు మింగినట్టయింది.

కారణం సులువే. మిరపలో ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నాలుక మీద ఏ చోట కెలికి మంట పుట్టిస్తుందో, ఆల్కహాల్ కూడా అదే చోట కెలుకుతుంది. వగరు ఆ మంట మీద ఇంకా చేదుగా తగులుతుంది. తిండిలో పులుపు ఎక్కువైతే వైన్‌లో ఉన్న పులుపు మాయమై చప్పబడుతుంది. పాత వైన్‌కి ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. వయసు మీద దాని రుచి సన్నబడి ఉంటుంది, గట్టిగా అరిచే కూర పక్కన దాని గొంతు వినపడదు.

మరి చప్పిడి కూడు పెట్టాలా? పాతికేళ్ల తర్వాత కలిసిన దోస్తులకు చప్పిడి కూర పెడితే నన్ను బ్యాచ్ నుంచి వెలేస్తారు. పరిష్కారం మన ఊళ్లోనే ఉంది. వరంగల్ చపాటా మిర్చి. టమాటా మిర్చి అని కూడా అంటాం, కాయ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. రంగు రక్తంలా దిగుతుంది, ఘాటు మాత్రం చాలా తక్కువ. పచ్చళ్లవాళ్లు రంగు కోసం వెతికి కొనేది ఇదే. 2025లో దీనికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏనుమాముల మార్కెట్ తిరిగినవాళ్లెవరైనా తెచ్చిపెడతారు. తొడిమ, గింజ తీసి పట్టించుకుంటే ఉన్న కాస్త ఘాటు కూడా తగ్గుతుంది. కూర చూస్తే ఎర్రగా మన కూరే, నోట్లో పెడితే మంట లేదు. కళ్లు నమ్మితే నాలుక ఊరుకుంటుంది.

రియోహా పక్కకి నేను చేసిన మటన్ ఇది. రెండు కిలోల మాంసం, తొడ భాగం, ఎముకతో. నాలుగు పెద్ద ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, తొందర లేకుండా తేనె రంగు వచ్చేదాకా వేయించాలి. ఈ తీపే పాత ఎర్ర వైన్‌కి దోస్తు. అల్లం, వెల్లుల్లి మామూలుగా. వేయించిన ధనియాల పొడి, ఎండుకొబ్బరి పొడి, నాలుగు చెంచాల చపాటా కారం. లవంగాలు రెండే, చెక్క ఒక ముక్క, అంతకు మించి గరం మసాలా వద్దు. చింతపండు, గోంగూర, చింతచిగురు, నిమ్మకాయ ఆ రోజుకి సెలవు. ఉప్పు సరిగ్గా పడాలి, ఉప్పు వగరును మెత్తబరుస్తుంది. కుక్కర్ విజిళ్లు కాకుండా సన్నని సెగ మీద రెండు గంటలు. పక్కన జొన్న రొట్టె. మాంసం తిననివాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకు ఇదే పద్ధతిలో పుట్టగొడుగులు చేశాం. నిజం చెప్పాలంటే పాత రియోహాకి మటన్ కంటే అదే బాగా అతికింది. మాగిన వైన్‌లో వచ్చే తడి అడవి వాసన పుట్టగొడుగులోనూ ఉంటుంది.

మొదట పెట్టాల్సింది సకినాలు. నవ్వకండి. బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నూనె. షాంపేన్‌కి ఇంతకంటే మంచి జోడీ నాకు తెలియదు. నూనె జిడ్డును బుడగలు, పులుపు కోసేస్తాయి, కరకర మీద కరకర. సంక్రాంతి కాబట్టి డబ్బాలకు డబ్బాలు ఇంట్లోనే ఉన్నాయి. చివర్లో బెల్లం అరిసెలు, మదీరాతో. నువ్వులు, బెల్లం, కాగిన నెయ్యి వాసన ఆ వైన్‌లోనూ ఉన్నట్టే అనిపిస్తుంది.

అంకాపూర్ పద్ధతిలో నాటుకోడి చేయాల్సిందేనని కరీంనగర్ వాడు పట్టుబట్టాడు. సరే అన్నాను, కానీ దానికి పాత సీసా ఇవ్వను. దాని పక్కన హంపీ ఎర్ర వైన్. కుర్ర వైన్ కాబట్టి ఘాటుతో కుస్తీ పట్టగలదు, ఓడినా మనకు బాధ లేదు.

ఇక పచ్చిపులుసు. అది లేకుండా దావత్ ఏందని ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమే. మదీరా తప్ప మిగతా వైన్లన్నీ అయిపోయాక, అన్నంతో పెట్టండి. దాని తర్వాత నాలుకకు మదీరా తప్ప ఇంకేం వినపడదు.

గ్లాసులు, వాసనలు

స్టీలు గ్లాసు, టీ గ్లాసు వద్దు. పల్చటి గాజు, కింద బొజ్జ, పైన మూతి కాస్త ముడుచుకున్నవి కావాలి, తలకి రెండు. బీరువాలోంచి తీస్తే కలరా ఉండల వాసన పట్టి ఉంటాయి, వేడినీళ్లతో సబ్బు లేకుండా కడిగి గాలికి ఆరబెట్టండి. ఆ గదిలో ఆ సాయంత్రం అగరుబత్తి వెలిగించొద్దు. మల్లెపూలు, అత్తరు, దోమల చుట్ట కూడా అంతే. మా అమ్మకు చెప్పి ఒప్పించడానికి సీసా కొనడం కంటే ఎక్కువ కష్టపడ్డాను.

సీసా తెరవడం

షాంపేన్‌ని ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టండి, 6 నుంచి 8 డిగ్రీలకు రావాలి. ఎర్ర వైన్లు కొంచెం వెచ్చబడ్డాయనిపిస్తే ఐస్ కలిపిన నీళ్ల బకెట్‌లో పది నిమిషాలు ఉంచండి. వట్టి ఐస్ కంటే నీళ్లు కలిపిన ఐస్ త్వరగా చల్లబరుస్తుంది. మదీరాకు చలి తగ్గినా పట్టింపు లేదు.

పాత కార్కు ఎండిన మక్క బెండులా పొడిపొడిగా ఉంటుంది. మెలిదిప్పే మామూలు ఓపెనర్ దాన్ని రెండుగా చీలుస్తుంది. పాత సీసాల కోసం రెండు పలుచని రేకులుండే ఓపెనర్ దొరుకుతుంది. పొడవు రేకును ముందు కార్కుకీ గాజుకీ మధ్య దూర్చి, అటూ ఇటూ ఊపుతూ రెండోదాన్ని దించాలి. మొత్తం దిగాక మెల్లగా తిప్పుతూ లాగాలి. ఓపెనర్ పెట్టకముందే మూతికి చుట్టిన రేకు కోసి, బూజు ఉంటే తడిబట్టతో తుడవండి. పైన బూజు ఉన్నంత మాత్రాన లోపల చెడినట్టు కాదు.

మొదటి రియోహా కాజీపేట వాడి చేతికిచ్చాం. రైల్వేలో పని, చేతి నిదానం ఎక్కువ. ముప్పావు వరకు వచ్చి కార్కు అక్కడే విరిగింది. ఎనిమిది మందిమీ ఊపిరి బిగబట్టాం. మిగిలిన ముక్కను లాగబోతే లోపలికి జారి తేలింది. ఇలా జరిగితే కంగారు పడక్కర్లేదు, కార్కు ముక్క వైన్‌ని పాడు చేయదు. వేడినీళ్లలో ఉతికి, సబ్బు వాసన లేకుండా ఆరబెట్టిన పల్చటి మల్లు గుడ్డ గాజు జగ్గు మూతికి పరిచి వంచడమే.

వంచడంలో ఒక నైపుణ్యం ఉంది. గదిలో లైట్లు తగ్గించి, సీసా మెడ కింద కొవ్వొత్తి గానీ ఫోన్ టార్చి గానీ పెట్టాలి. ఆపకుండా, సన్నని ధారగా, ఒకే కోణంలో పోయాలి. వైన్ ముందు మాణిక్యంలా మెరుస్తూ పోతుంది. చివర్లో సీసా భుజం దగ్గర నల్లటి పొగలాంటి గీత కదులుతుంది. అదే మడ్డి, వగరు, రంగు ఏళ్లకేళ్లు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి దిగినది. విషం కాదు, చేదు. గీత మెడలోకి రాగానే ఆపేయండి. అడుగున రెండు మూడు గుక్కలు మిగిలితే మిగలనివ్వండి. టార్చి పట్టుకున్న లండన్ వాడు “ఆపు, ఆపు రా” అని అరిచేసరికి మా కాజీపేట వాడి చెయ్యి రాయిలా ఆగింది.

కుర్ర, గట్టి వైన్‌ని గంట ముందే జగ్గులో పోసి గాలి తగలనివ్వాలి. పాతికేళ్లదాన్ని అలా చేయకండి. గాలి తగిలిన అరగంటలోనే తన కథంతా చెప్పేసి పడుకుంటుంది. వంచిన వెంటనే గ్లాసుల్లోకి పోయాలి, గ్లాసులో మూడో వంతు వరకే.

రంగు అంచుల్లో ఇటుక పొడిలా ఉంది. ముక్కు పెడితే ఎండిన అంజీరా, తోలు చెప్పుల షాపు, కొంచెం పొగాకు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా సిరిసిల్ల వాడు, పాతికేళ్లుగా థమ్సప్ కలపకుండా ఏదీ తాగనివాడు, మెల్లగా “సోడా ఉందా?” అన్నాడు. ఏడుగురం ఒకేసారి వాడి మీద పడ్డాం. రెండో గుక్కకి వాడే “మన లైబ్రరీలో కింది ర్యాక్ పుస్తకాల వాసన వస్తుంది ర బై” అన్నాడు. ఆ రాత్రి అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

రెండో సీసా కార్కు చక్కగా, నిండుగా వచ్చింది. వాసన చూస్తే వానలో తడిసిన అట్టపెట్టె, గోనెసంచి. నోట్లో పండు రుచి అసలు లేదు. దీన్ని కార్కు దోషం అంటారు. కార్కులో టీసీఏ అనే పదార్థం పుడుతుంది, లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పసిగడుతుంది. తాగితే ఏమీ కాదు, కానీ రుచి చచ్చిపోతుంది, గాలి తగిలినా బాగుపడదు. ఎవరి తప్పూ కాదు, పక్కపక్కనే పడుకున్న రెండు సీసాల్లో ఒకటి ఇలా పోవచ్చు. రెండు తెచ్చుకోమన్నది ఇందుకే. రంగు మరీ గోధుమగా మారి, వెనిగర్ ఘాటు కొడితే అది గాలి దూరిన సీసా, దాన్నీ పక్కన పెట్టండి.

వడ్డించే వరుస

పుస్తకాల్లో తేలికది ముందు, గట్టిది తర్వాత, తీపి ఆఖరున అని ఉంటుంది. మనం ఇంకో సూత్రం కలుపుకోవాలి: కారం తగలకముందే పాతది అయిపోవాలి. అందుకే మా వరుస ఇలా సాగింది. ఏడున్నరకి మేడ మీద షాంపేన్, సకినాలు, ఎవరెవరికి షుగర్ వచ్చిందో, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో. ఎనిమిదిన్నరకి కింద వరంగల్ జంపఖానా మీద కూర్చుని పాత రియోహా, మటన్, జొన్న రొట్టె. తొమ్మిదిన్నర తర్వాత నాటుకోడి, హంపీ వైన్, గొంతులు పెరగడం, హాస్టల్ మెస్ బిల్లు పాత తగాదా మళ్లీ తెరుచుకోవడం. ఆ తర్వాత అన్నం, పచ్చిపులుసు. అరగంట ఆగి, గోరువెచ్చటి నీళ్లు తాగాక, అరిసెలు, మదీరా, తలకి 60 మిల్లీలీటర్లే. పచ్చిపులుసు తర్వాత కూడా నిలబడింది అదొక్కటే, అంత తీపీ బలమూ ఉన్నాయి దానికి.

పాత వైన్ వచ్చే సమయానికి ఫోన్లు పక్కన పెట్టించండి. ఫొటోలు షాంపేన్ దగ్గరే తీసేయండి.

డబ్బులు, ఇంటికి పోవడం, మిగిలినవి

ఎవరు ఎంత పెట్టారన్నది ముందే తేల్చుకోవాలి. మేం సీసాల ఖర్చు ఎనిమిదికి భాగించాం, మాతో కూర్చున్న తాగని ఇంకో ఇద్దరికీ తిండి వాటా మాత్రమే. సీసా ధర టేబుల్ దగ్గర చెప్పొద్దని నియమం. ధర తెలిస్తే అందరూ రుచి మానేసి రూపాయలు చప్పరిస్తారు.

బండి తాళాలు గుమ్మం దగ్గర పళ్లెంలో వేయించాం. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. నాలుగు గ్లాసుల తర్వాత ఎవరూ దానికి లోబడి ఉండరు. నలుగురు మా ఇంట్లోనే పడుకున్నారు, మిగతావాళ్లను తాగని ఇద్దరూ దింపేశారు.

మిగిలిన హంపీ వైన్‌కి కార్కు బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులుంటుంది. పాత రియోహా మిగలదు, మిగిలినా తెల్లారేసరికి ఏమీ ఉండదు. కార్కు దోషం వచ్చిన సీసాను కూరలో పోద్దామని అనుకోకండి, అట్టపెట్టె వాసన కూరకీ ఎక్కుతుంది. మేం సింకులో పోశాం, డల్లాస్ వాడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

మదీరా మూడో వంతు మిగిలింది. ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపులో, నెయ్యి సీసా పక్కన నిలబడి ఉంది. మట్టం దగ్గర పెన్నుతో గీత గీశాను. కాజీపేట వాడు డ్యూటీ దిగి ఇటుగా వచ్చినప్పుడల్లా కింద ఇంకో గీత పడుతోంది.